ఆపద తీరిన తరువాత

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగములు: హోషేయ 6:1–6, లూకా 17:11–19

  

సహోదరీ సహోదరులారా, ఈ దినము మిమ్మును ఒక్క ప్రశ్న అడుగుతాను. 2020వ సంవత్సరములో, తలుపులు మూసుకొని ఇంట్లో కూర్చున్న ఆ రోజులలో, మీరు దేవునికి ఏమని మాట ఇచ్చారు? ఎవరూ వినని మాట. రాత్రిపూట, ఇంట్లో ఎవరికో జ్వరము తగిలినప్పుడు, మంచము పక్కన కూర్చొని ఇచ్చిన మాట. అది మీకు ఇంకా జ్ఞాపకమున్నదా?

ఆ సంవత్సరమును ఒకసారి మనసుకు తెచ్చుకోండి. మార్చి 22 ఆదివారము జనతా కర్ఫ్యూ. మనలో చాలామందికి జీవితములో మొదటిసారి ఆదివారము గుడి గంట వినబడలేదు. మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్. ఏప్రిల్ 5 మట్టల ఆదివారము. పిల్లల చేతులలో మట్టలు లేవు, హోసన్నా పాటలు వీధిలో లేవు. ఆ రాత్రి తొమ్మిది గంటలకు తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పి దీపాలు పెట్టమని ప్రధానమంత్రి కోరితే, మట్టల ఆదివారపు రాత్రి మన పేటలన్నీ కొవ్వొత్తులతో నిలబడ్డాయి. ఏప్రిల్ 10 శుభ శుక్రవారము. యేసు పలికిన ఏడు మాటలు ఏడుగురు ప్రసంగీకులతో చెప్పించే అలవాటు మనది. ఆ రోజు ఎవరి ఇంట్లో వారు చాప వేసుకొని ధ్యానించుకున్నారు. ఏప్రిల్ 12 పునరుత్థాన పండుగ. తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లే ఆరాధన లేదు. జూన్ 8 నుండి ప్రార్థనా మందిరాలు తెరుచుకోవచ్చని ప్రభుత్వము అనుమతించేవరకు, దాదాపు పదకొండు వారాలు, మన గుడులు మూతపడే ఉన్నాయి.

చేలల్లో సంగతి వేరే చెప్పాలా? మార్చి నెల అంటే మిర్చి కోతలు ముమ్మరముగా సాగే కాలము. కల్లాలన్నీ ఎర్రగా పరిచి ఉన్నాయి. ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్ అని పేరున్న గుంటూరు యార్డు మూతపడింది. టిక్కీలు కట్టినవారు ఎక్కడికి తోలాలో తెలియక నిలబడ్డారు. ధర వస్తుందని ఇంట్లో పత్తి దాచుకున్నవారు ఆ బోరాల పక్కనే పడుకున్నారు. కర్నూలు వైపు నుండి పిల్లాపాపలతో కోతలకు వచ్చిన కూలీలు తిరిగి సొంత ఊరికి వెళ్లలేక, పని చేసిన చేల దగ్గరే గుడారాలలో ఉండిపోయారు. వాళ్లకు బియ్యము, పప్పు పోగుచేసి ఇచ్చిన సంఘాలు మన ప్రాంతములో ఎన్నో ఉన్నాయి. వాళ్లలో చాలామంది మన విశ్వాసము కానివారు, మన కులము కానివారు. అయినా ఇచ్చారు. దేవునికి స్తోత్రము.

ఆ సంవత్సరములో మనము మారాము, అది నిజమే. కొన్నేళ్లుగా ఆగిపోయిన కుటుంబ ప్రార్థన మళ్లీ మొదలైంది. సెల్‌ఫోన్‌లో పాట పెట్టుకొని, తండ్రి బైబిలు చదివి, పిల్లలు మోకరించిన ఇళ్లు ఉన్నాయి. ఊళ్లో మాట్లాడని దాయాదుల ఇంటికి కూరగాయలు పంపినవారు ఉన్నారు. అప్పు కోసము ఒకరి మెడ పట్టుకోబోయి ఆగిపోయినవారు ఉన్నారు. కాపరులమైన మేము కూడా మారాము. నా మట్టుకు నేను ప్రతి కుటుంబము పేరు ఒక నోటు పుస్తకములో రాసుకొని, రోజుకు పది ఇళ్లకు ఫోను చేసి ప్రార్థించడము ఆ ఏడే మొదలుపెట్టాను. ఆ పుస్తకము ఇప్పుడు మూడవది నడుస్తున్నది. మొదటి పుస్తకము తిరగేస్తే కొన్ని పేర్ల మీద గీత కొట్టి తారీఖు వేసి ఉంటుంది. వారందరూ ప్రభువు నందు నిద్రించినవారు.

వేదాంత కళాశాలలో భూస్థాపన క్రమము నేర్పారు మాకు. ఏ వాక్యము చదవాలి, మన్ను ఎప్పుడు వేయాలి, కుటుంబమును ఎట్లా ఓదార్చాలి, అన్నీ నేర్పారు. కానీ తెల్లని రక్షణ దుస్తుల్లో తల నుండి కాలి వరకు కప్పుకొని, మాస్కు వెనక నుండి ఆదరణ వాక్యము చదివితే, ఇరవై అడుగుల దూరములో నిలబడ్డ భార్యకు అది వినబడుతుందో లేదో తెలియని భూస్థాపన గురించి ఎవరూ నేర్పలేదు. అంత్యక్రియలకు ఇరవై మంది మించకూడదని నియమము. కొన్నింటికి ఆ ఇరవై మంది కూడా రాలేదు. ఈ మాట వింటూ కన్నీళ్లు తుడుచుకుంటున్న తల్లి ఉంటే, అమ్మా, ఈ ప్రసంగము నీ గాయము రేపడానికి కాదు. కొంచెము ఓపిక పట్టి విను.

ఇక్కడ ఒక సంగతి స్పష్టముగా చెప్పి ముందుకు వెళ్తాను. ఫలానా వారి పాపము వలన ఆ రోగము వచ్చిందని, ఫలానా వారు ప్రార్థించలేదు గనుక చనిపోయారని చెప్పినవారు ఉన్నారు. అది వాక్యమునకు విరుద్ధము. లూకా సువార్త 13వ అధ్యాయము చదవండి. సిలోయములో గోపురము కూలి పద్దెనిమిది మంది చనిపోతే, వారు మిగతావారికంటె పాపులు కారని యేసు ప్రభువు తేటగా చెప్పాడు. ఆ తరువాత ఆయన బ్రతికి ఉన్నవారి వైపు తిరిగాడు. మారుమనస్సు గురించి ప్రశ్న వేసింది వారినే. మనమూ బ్రతికి ఉన్నవారమే. అందుకే ఈ ప్రశ్న మనకు.

ఇప్పుడు హోషేయ గ్రంథము 6వ అధ్యాయము తెరవండి. మొదటి మూడు వచనములలో ప్రజలు మాట్లాడుకుంటున్నారు. దేవుడు మనలను చీల్చాడు, ఆయనే బాగుచేస్తాడు, గాయపరచాడు, ఆయనే కట్టుకడతాడు, రండి ఆయన వద్దకు తిరిగి వెళ్దామని ఒకరినొకరు పిలుచుకుంటున్నారు. ఎంత మంచి మాటలు! ఏ ఉజ్జీవ సభలోనైనా ఈ మాటలకు ఆమేన్ అంటారు. కానీ నాలుగవ వచనములో దేవుడు సంతోషించలేదు. తండ్రి మొండి పిల్లవాని ముందు కూర్చొని, నిన్ను ఏమి చేయాలిరా అన్నట్టుగా, ఎఫ్రాయిమును అడుగుతున్నాడు, యూదాను అడుగుతున్నాడు. వారి భక్తి పొద్దుటి మంచు లాంటిదని, ఎండ రాగానే ఉండదని బాధపడుతున్నాడు.

మంచు అంటే పట్టణములోని వారికి చల్లగా, అందముగా అనిపిస్తుంది. మిర్చి రైతును అడగండి మంచు అంటే ఏమిటో. కల్లములో కాయ ఆరబోసి ఉంటే సాయంత్రము కాగానే పరుగున వెళ్లి పట్టాలు కప్పుతాడు. ఎందుకు? రాత్రి మంచు పడితే కాయ రంగు పోయి తాలు అవుతుంది. యార్డులో తాలుకు వచ్చే ధర వేరు. పైకి ఎండినట్టు కనబడి, తొడిమ దగ్గర తేమ మిగిలిపోయిన కాయను కోల్డు స్టోరేజీలో పెడితే కొన్ని నెలలకు బూజు తీస్తుంది. పెట్టిన రోజు అది ఎవరికీ కనబడదు.

హోషేయ వాడిన మాటకు హీబ్రూ భాషలో హెసెద్ అని ఉన్నది. మన బైబిలులో అది భక్తి అని, కనికరము అని, కృప అని చోటును బట్టి తర్జుమా అయ్యింది. దాని అర్థము ఆవేశము కాదు, కన్నీరు కాదు. ఒక నిబంధన చేసుకున్నాక, పరిస్థితి ఎట్లా మారినా ఆ నిబంధనను పట్టుకొని ఉండే ప్రేమ. పెండ్లిలో ఇచ్చిన మాటను పదిహేనేళ్ల తరువాత, వయసు మళ్లాక, జబ్బు చేశాక నిలబెట్టుకునేది. ఆరవ వచనములో, బలికంటె ఇదే నాకు కావాలని దేవుడు అంటున్నాడు. 2020లో మనము చాలా బలులు అర్పించాము. ఉపవాసాలు, గొలుసు ప్రార్థనలు, రాత్రంతా జాగరణలు. తరువాత వచ్చిన సంవత్సరాలలో దేవుడు వెదికింది హెసెద్‌ను.

ఫరోను చూడండి. కప్పలు ఇల్లంతా నిండితే మోషేను పిలిచి బతిమాలాడు. నిర్గమకాండము 8వ అధ్యాయము 15వ వచనము ప్రకారము, కొంచెము ఊపిరి పీల్చుకునే వెసులుబాటు దొరికిందని తెలియగానే మనసు రాయి చేసుకున్నాడు. వడగండ్లు పడుతున్నంతసేపు తాను పాపినని ఒప్పుకున్నాడు, వాన వెలిసాక మళ్లీ అదే ఫరో.

మన మధ్యే జరిగిన సంగతి చెప్తాను. లాక్‌డౌన్‌లో మద్యము దుకాణాలు మూసేశారు. నలభై రోజులకు పైగా మన రాష్ట్రములో చుక్క అమ్మలేదు. ఎంతమంది భార్యలు దేవునికి స్తోత్రము చెప్పుకున్నారో నాకు తెలుసు. నా నోటు పుస్తకములో రాసి ఉన్నది. నా భర్త మారాడు అయ్యగారూ, సాయంత్రము పిల్లలతో క్యారమ్స్ ఆడుతున్నాడు అని ఒక సహోదరి ఫోనులో ఏడ్చింది, సంతోషముతో. మే 4న దుకాణాలు తెరిచారు. రెండు రోజుల్లో ధరలు మొత్తము డెబ్బై అయిదు శాతము పెంచారు. అయినా మండే ఎండలో గొడుగులు పట్టుకొని, తెల్లని గీతల మధ్య దూరము పాటిస్తూ బారులు తీరారు. ఆ సహోదరి భర్త ఆ బారులో ఉన్నాడు. నలభై రోజులు మూసి ఉన్నది దుకాణపు తలుపు మాత్రమే.

ఆ ఏడు జూలై నెలాఖరున ప్రకాశం జిల్లా కురిచేడులో జరిగినది ఇంకా ఘోరము. కేసులు పెరిగి అక్కడ మళ్లీ కట్టడి పెట్టి దుకాణాలు మూసేస్తే, తాగుడు అలవాటు మానలేని నిరుపేదలు చేతులు కడుక్కునే శానిటైజరు తాగారు. పదిమందికి పైగా చనిపోయారు. వారిలో భిక్షమెత్తుకునేవారూ ఉన్నారు. చేతికి అంటిన రోగమును చంపడానికి ఇంటింటా పెట్టుకున్న సీసా అది. దీనిని ఎవరినో నిందించడానికి చెప్పడము లేదు. వ్యసనము ఒక రోగము. వైద్యుడు కావాలి, తోడు కావాలి, ప్రార్థన కావాలి. నా బాధ ఒక్కటే. ఆ నలభై రోజులలో వారి పక్కన కూర్చొని, తలుపు తెరిచాక ఏమి చేద్దాము అన్నా అని అడిగినవారు ఎవరైనా ఉన్నారా? బయటి నుండి వచ్చిన మార్పుకు లోపల వేరు పట్టాలంటే మనుషుల తోడు ఉండాలి. సంఘము ఉన్నది అందుకే.

అయితే భయముతో మొదలైన మార్పు అంతా అబద్ధమేనా? కాదు. నీనెవె వారు భయపడే మారారు, దేవుడు వారిని తోసివేయలేదు. ఈ విషయములో మన ప్రాంతపు సంఘ చరిత్రలోనే ఒక పాఠము ఉన్నది. దానిని కొంచెము వివరముగా చెప్పాలనే ఈ రోజు వచ్చాను.

1866లో ఒంగోలుకు జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ వచ్చాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో అక్కడ సంఘము ఏర్పడింది. పదేళ్లకు, 1876లో మొదలై 1878 వరకు సాగిన గొప్ప కరువు వచ్చింది. దక్షిణ దేశమంతా ఆకలితో అల్లాడింది. మన జిల్లాలలో పశువులు పోయాయి, తరువాత మనుషులు. ఆకలి వెంట కలరా. ఊళ్లు వదిలి జనము రోడ్ల మీద పడ్డారు. అప్పుడు ప్రభుత్వము బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తున్నది. పెదగంజాము నుండి దక్షిణముగా తమిళ దేశము దాకా సముద్రము వెంబడి పోయే కాలువ అది. ఇప్పటికీ మీరు చూడవచ్చు. క్లౌ దొర అందులో కొన్ని మైళ్ల పని కాంట్రాక్టు తీసుకున్నాడు. వేల మందికి పని ఇచ్చాడు, కూలి ఇచ్చాడు. తన సువార్తికులనే మేస్త్రీలుగా పెట్టాడు. పగలు మట్టి మోసినవారు సాయంత్రము చెట్ల కింద కూర్చుంటే ఆ సువార్తికులు వారికి యేసును గురించి చెప్పారు. ప్రయాసపడి భారము మోసేవారిని పిలిచిన ప్రభువు మాట, తట్ట నెత్తిన పెట్టుకున్నవానికి వేరే వ్యాఖ్యానము లేకుండానే అర్థమైంది.

అప్పుడు జనము బాప్తిస్మము కావాలని అడిగారు. ఒకరిద్దరు కాదు, ఊళ్లకు ఊళ్లు, పేటలకు పేటలు. వారిలో ఎక్కువమంది మాదిగ పేటల వారు. ఈ ప్రసంగము వింటున్న అనేకుల ముత్తాతలు, తాతమ్మలు. ఏ మిషనరీ అయినా సంతోషించవలసిన సమయము. క్లౌ ఇవ్వలేదు. కరువు ఉన్నంతకాలము, సహాయము పంచుతున్నంతకాలము బాప్తిస్మములు ఆపేశాడు. ఏడాదికి పైగా ఆపాడు. ఆకలి కోసము వచ్చారో, ప్రభువు కోసము వచ్చారో తేలాలి. ఆకలితో ఉన్నవానికి అన్నము పెట్టడములో మాత్రము ఆయన ఏ షరతూ పెట్టలేదు. గమనించండి, ఆపింది బాప్తిస్మమును, అన్నమును కాదు.

1878 జూన్ నాటికి సహాయము పంచడము ముగిసింది. ఇక ఆయన చేతిలో ఇవ్వడానికి ఏమీ లేదు. అయినా జనము వచ్చారు. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర గుమికూడారు. మాకు డబ్బు వద్దు, పని వద్దు, మేము విశ్వసించాము, మమ్మును చేర్చుకోమని బతిమాలారు. 1878 జూలై 3న ఆ ఏటిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. అభిషేకము పొందిన ఆరుగురు తెలుగు కాపరులు ఇద్దరేసి చొప్పున నీళ్లలోకి దిగి, అలసినప్పుడు వంతులు మార్చుకుంటూ ఇచ్చారు. జూన్ మధ్య నుండి జూలై ఆఖరు లోపల ఆ సంఖ్య ఎనిమిది వేలు దాటింది.

ఆ 2,222 అనే అంకెను మనము సంతోషముగా చెప్పుకుంటాము. పిల్లలకు క్విజ్ పోటీలో అడుగుతాము. దాని వెనక ఉన్న ఆ ఏడాది మౌనమును మాత్రము చెప్పుకోము. నాకైతే ఆ మౌనమే పెద్దదిగా కనబడుతుంది. కాలువ పని మీద వాక్యము విని, మాకు వద్దన్నారని ఊరికి తిరిగిపోయి, అక్కడ రెడ్డి దగ్గర, కరణము దగ్గర మళ్లీ అదే జీతగాడిగా బ్రతుకుతూ, ఎవరూ చూడకపోయినా తాను విన్న ప్రభువును పట్టుకొని ఉన్న ఒక మనిషిని ఊహించుకోండి. అతని పేరు ఏ పుస్తకములోనూ లేదు. కరువులో పుట్టిన అతని విశ్వాసము కరువు పోయాక కూడా బ్రతికి ఉన్నది. అదే హెసెద్.

ఇప్పుడు మన కాలములోకి రండి. పల్నాడు వైపు ఒక పల్లెలో ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు. పేర్లు చెప్పను, ఊరు చెప్పను. సంగతి చెప్పడానికి వారు ఒప్పుకున్నారు. ఉమ్మడి బోరు నీళ్ల దగ్గర తగాదా వచ్చి తొమ్మిదేళ్లు మాటల్లేవు. 2021 మే నెల, రెండవ అల. మధ్యాహ్నము పన్నెండు దాటితే కర్ఫ్యూ. అన్నకు కరోనా తగిలింది, వదినకు కూడా తగిలింది. తమ్ముడు రోజూ క్యారేజీ తెచ్చి గేటు బయట పెట్టి, గిన్నె మీద కర్రతో కొట్టి వెళ్లేవాడు. నాలుగవ రోజు రాత్రి అన్నకు ఆయాసము ఎక్కువైంది. తమ్ముడు తన ట్రాలీ ఆటోలో పరుపు వేసి అన్నను ఎక్కించుకొని, ఆక్సిజన్ మంచము కోసము తెల్లవారేదాకా తిరిగాడు. భార్య ముందు కూర్చున్నది, ఆమె అన్నయ్య బండి నడుపుతున్నాడు. ఇతను వెనక అన్న తల ఒళ్లో పెట్టుకున్నాడు. ప్రభువా, అన్నను బ్రతికిస్తే ఆ బోరు సంగతి ఇక జన్మలో ఎత్తను అని అక్కడ మాట ఇచ్చాడు. మూడు వారాలకు అన్న ఇంటికి వచ్చాడు.

కథ ఇక్కడ ఆపితే మంచి సాక్ష్యము. చాలా సాక్ష్యాలు మనము ఇక్కడే ఆపుతాము.

అదే ఏడాది చలికాలములో మిర్చికి నల్ల తామర పురుగు పట్టింది. గుంటూరు, ప్రకాశము రైతులకు చెప్పనక్కరలేదు. పూతలో చేరి పూతంతా రాల్చేసింది. ఏ మందు కొట్టినా ఆగలేదు. ఎంతోమంది చేలు పీకేసి దున్నేశారు. ఈ అన్నదమ్ములవీ పోయాయి. కౌలు పోయింది, మందుల అప్పు మిగిలింది. పీకేసిన చేలో మొక్కజొన్న వేసుకున్నారు. మళ్లీ నీళ్లు కావాలి, బోరులో నీళ్లు తక్కువ. ఒక పొద్దున తమ్ముడు వెళ్లేసరికి అన్న వంతు దాటి నీళ్లు పారుతున్నాయి. మోటారు ఆపేసి, అన్న ఇంటి మీదికి వెళ్లాలని ఇతను స్టార్టరు మీద చెయ్యి వేశాడు. వెనకే వచ్చిన భార్య, ఆ రాత్రి బండిలో ఏం మొక్కుకున్నావో నా ముందే గదా అన్నావు, మరి ఇదేంది అని అడిగింది.

అతను నాతో చెప్పిన మాట ఇది: అయ్యగారూ, ఆక్సిజన్ కోసం తెల్లారేదాకా తిరిగినప్పుడు కూడా నాకు అంత కష్టం అనిపించలా. ఆ స్టార్టరు మీద నుంచి చెయ్యి తియ్యడమే కష్టమైంది.

చెయ్యి తీశాడు. అరగంట గట్టు మీద కూర్చొని, నీళ్లు పారేదాకా ఆగి, ఇంటికి వెళ్లి అన్నను పిలిచి, ఇక నుండి రోజు విడిచి రోజు పెట్టుకుందామన్నాడు. ఆ ఇద్దరూ ఇప్పుడు పాలూ నీళ్లలా కలిసిపోయారని నేను చెప్పను. మాటలు మితముగానే ఉంటాయి. వంతు మాత్రము ఈనాటి వరకు తప్పలేదు.

చివరిగా లూకా సువార్త 17వ అధ్యాయము. పదిమంది కుష్ఠరోగులు దూరముగా నిలిచి కేకలు వేశారు. దూరముగా నిలబడడము అంటే ఏమిటో, 2020 తరువాత మనకు ఎవరూ వివరించనక్కరలేదు. యాజకులకు కనబరచుకోమని యేసు పంపాడు. అంటే, నెగెటివ్ రిపోర్టు తెచ్చుకొని ఊళ్లోకి వెళ్లండి అన్నట్టే. దారిలోనే శుద్ధులయ్యారు. ఒక్కడు తిరిగి వచ్చాడు, వాడు సమరయుడు.

మిగతా తొమ్మిదిమందిని మనము చాలా తొందరగా తిట్టేస్తాము. వారు దుష్టులని లూకా రాయలేదు. బహుశా ఇంటికి పరుగెత్తి ఉంటారు. పిల్లలను ఎత్తుకొని ఉంటారు. దున్నవలసిన పొలము, తీర్చవలసిన అప్పు జ్ఞాపకము వచ్చి ఉంటాయి. యేసు వారి స్వస్థతను వెనక్కి తీసుకోలేదు. ఆయన అడిగింది ఒక్కటే, ఆ తొమ్మిదిమంది ఎక్కడ అని. కోపముకంటె అందులో ఎదురుచూపు ఎక్కువగా నాకు వినబడుతుంది. వారి కోసము ఆయన దారి వైపు చూశాడు.

సహోదరుడా, సహోదరీ, మీలో కొందరు ఆ ఏడాది ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు. ఎవరికీ చెప్పకుండా నిలబెట్టుకున్నారు. ప్రభువుకు తెలుసు. కొందరు మరచిపోయారు. ఇన్నేళ్లయ్యాక ఇప్పుడు ఏమి లాభము అని అనుకోవద్దు. ఆ సమరయుడు ఎంత దూరము వెళ్లి వెనక్కి తిరిగాడో లూకా రాయలేదు. ఈ రాత్రి ఒక కాగితము తీసుకోండి. 2020లో గాని, 2021లో గాని మీరు ఇచ్చిన ఒక్క మాట రాయండి. పది వద్దు, ఒక్కటి. దానికి సంబంధించిన మనిషి ఎవరైనా ఉంటే, అన్న కావచ్చు, కోడలు కావచ్చు, పాలేరు కావచ్చు, వచ్చే ఆదివారము గుడికి వచ్చే లోపల ఆ మనిషి గుమ్మము ఎక్కండి. ప్రభురాత్రి భోజనమునకు అది మంచి సిద్ధపాటు.

ఇక, మొక్కుకొని కూడా పోగొట్టుకున్న తల్లీ, నిన్ను మరువలేదు. నీవు అడిగినది దొరకలేదు. నీ మాట నీవు నిలబెట్టుకున్నావు. భర్త లేకుండా ఆ పిల్లలను చదివిస్తున్నావు, పత్తి తీతకు వెళ్లి వచ్చి రాత్రి వారి పక్కన మోకరిస్తున్నావు. ఎందుకు అట్లా జరిగిందో నీకు చెప్పగలిగిన జవాబు నా దగ్గర లేదు. లాజరు సమాధి దగ్గర యేసు జవాబు చెప్పకముందు ఏడ్చాడని మాత్రము యోహాను సువార్త 11వ అధ్యాయములో ఉన్నది. నీ సంఘములోని పెద్దలు ఈ మాట వింటూ ఉంటే, వారితో ఒక మనవి. ఆ ఇంటికి ఆఖరిసారి ఎప్పుడు వెళ్లారో లెక్క చూసుకోండి.

ప్రార్థన చేసుకుందాము.

పరలోకమందున్న మా తండ్రీ, ఆ చీకటి రాత్రులలో మేము పలికిన మాటలన్నీ నీ యొద్ద ఉన్నవి. వాటిని మాకు జ్ఞాపకము చేయుము. ఈ రాత్రి కాగితము మీద రాయబోయే చేతిని బలపరచుము. మాటల్లేని అన్నదమ్ములను, గుమ్మము దగ్గర ఆగిపోయిన పాదములను నడిపించుము. తాగుడు వదలలేక బాధపడుచున్న వారి పక్కన కూర్చొనుటకు మా సంఘములోనుండి ఎవరినైనా పంపుము. కల్లములోనున్న పంటను, దానిని కాయుచున్న వారిని కాపాడుము. విధవరాండ్రను, తండ్రిలేని బిడ్డలను నీ చేతికి అప్పగించుచున్నాము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.